పొగ రోజుల్లో మా ఇంట్లో ఒక గది: ఎయిర్ ప్యూరిఫయర్ 14 నెలలు వాడాక రివ్యూ

భోగి రోజు తెల్లవారుజామున నాలుగుంబావుకి లేచి చూస్తే అమ్మ దగ్గకుండా పడుకుని ఉంది. నేను ఈ రివ్యూ రాయడానికి కారణం అదే. చెన్నై మడిపాక్కంలో మా వీధి చివర రెండు మంటలు, వెనక సందులో ఇంకోటి, పిల్లలు భోగి మేళం డబడబా వాయిస్తా తిరుగుతున్నారు, బాల్కనీ తలుపు కొంచెం తీస్తే వీధి లైటు చుట్టూ పొగ ముద్దకట్టి ఉంది, ఎదురు అపార్ట్‌మెంట్ గోడ కనపడట్లేదు. చేతిలో ఉన్న చిన్న మీటరు బాల్కనీలో పెడితే పీఎం 2.5 (గాలిలో సన్న కణాల లెక్క, ఘనపు మీటరుకి మైక్రోగ్రాముల్లో) నాలుగు వందలు దాటింది. అదే మీటరు తెచ్చి అమ్మ దిండు పక్కన పెట్టాను, ఐదు నిమిషాలాగి చూస్తే 19. రెండిటి మధ్యా పది అడుగుల దూరం, ఒక గోడ, అంతే.

మాది నెల్లూరు, చెన్నై వచ్చి పదకొండేళ్ళు. అమ్మకి ఆయాసం, చలికాలం వస్తే ఇన్‌హేలర్ దిండు కిందే ఉండాలి. సంక్రాంతికి ఎప్పుడూ మేమే ఊరికి పోతాం, ఈసారి అమ్మకి కంటి ఆపరేషన్ ఇక్కడ చేయించాం కాబట్టి పండక్కి కూడా ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. చెన్నైలో భోగి చూసినవాళ్ళకి నా భయం అర్థమవుతుంది. మా ఊళ్ళో భోగి మంటంటే తాటాకులు, కట్టెలు, పిడకలు, అందరూ చుట్టూ నిలబడి చలి కాచుకోవడం. ఇక్కడ ఇరుకు సందుల్లో పాత చాపలు, దిండ్లు, ప్లాస్టిక్ సామాన్లు, ఒక్కోచోట టైర్లు కూడా మంటలో పడతాయి. పైగా జనవరి తెల్లవారుజామున గాలి కదలదు, నేల దగ్గర చల్లగాలి, పైన కొంచెం వెచ్చటిగాలి మూతలాగా ఉంటుంది, పొగ పైకి పోలేక వీధిలోనే తిరుగుతా ఉంటుంది. 2018 భోగికి ఈ పొగా మంచూ కలిసి చెన్నై ఎయిర్‌పోర్టులో విమానాలకే ఇబ్బందైంది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వాళ్ళు ఏటా పొగ లేని భోగి చేసుకోమని చెప్తూనే ఉన్నారు, కార్పొరేషన్ వాళ్ళు పాత టైర్లు, బట్టలు ముందే తీసుకెళ్తున్నారు, మంచి పనే. కానీ మన వీధిలో ఒక్కరు టైరు వేసినా చాలు కదా.

అసలు ప్యూరిఫయర్ గురించి ఆలోచించడం మొదలైంది భోగితో కాదు, పెరుంగుడి డంప్‌యార్డుతో. 2022 ఏప్రిల్ 27న ఆ చెత్తగుట్టలకి నిప్పంటుకుంది, రోజుల తరబడి ఆరలేదు. అప్పుడు మేం పళ్ళికరణై పక్కన అద్దెకుండేవాళ్ళం. చెత్త మంటతో వచ్చిన చిక్కేంటంటే పైన ఆర్పినా లోపల గుట్ట కడుపులో కాలుతూనే ఉంటుంది, కుళ్ళిన చెత్తలోంచి మీథేన్ వస్తూనే ఉంటుంది, జేసీబీలతో తవ్వి తడిపితే గానీ ఆరదు. ఆ నాలుగైదు రోజులు మేం చేసింది ఏంటంటే కిటికీలన్నీ మూసి, తలుపుల కింద తడి టవల్స్ పెట్టి, ఫ్యాన్ కింద కూర్చోవడం. ఏప్రిల్ ఎండ, బెడ్రూమ్‌లో ఏసీ లేదు అప్పటికి. చెమటకి బాబు ఒంటినిండా పేలింది, అమ్మకి రెండో రాత్రికే పిల్లికూతలు మొదలయ్యాయి, మూడో రోజు మధ్యాహ్నం పినాకిని ఎక్కించి నెల్లూరు పంపేశాం. సెంట్రల్‌లో రైలు కదిలేదాకా అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే ఉంది. అది నేను మర్చిపోలేను.

అక్కవాళ్ళు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటారు. అక్కడ పొగ అంటే అడవి మంటల పొగ. 2018 నవంబర్ 8న ప్యారడైజ్ అనే ఊరు తగలబడిపోయిన అడవి మంట, దాని పేరు క్యాంప్ ఫైర్, 85 మంది చచ్చిపోయారు, ఆ పొగ వంద మైళ్ళకి పైగా దాటొచ్చి అక్కవాళ్ళుండే బే ఏరియా మీద రెండు వారాలదాకా కూర్చుంది. 2020 సెప్టెంబర్ 9న ఐతే పగలే ఆకాశం నారింజరంగుకి తిరిగి మధ్యాహ్నం లైట్లేసుకున్నారు, అక్క వీడియో కాల్‌లో కిటికీ చూపిస్తే నేను ఫోన్ కెమెరా పాడైందేమో అనుకున్నా. డంప్‌యార్డు పొగ రోజుల్లో అక్క ఫోన్లో చెప్పిన మాట ఒకటే: "ఇల్లంతా కాపాడాలని చూడబాకే, ఒక్క గది పట్టుకో. ఆ గదిలోనే అందరూ పడుకోండి." అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ కూడా పొగ రోజుల్లో జనానికి ఇదే చెప్తుందట, ఒక గదిని శుభ్రమైన గాలి గదిగా పెట్టుకోమని. నాకు అప్పుడు మెషీన్ లేదు కాబట్టి ఆ మాట విలువ తెలియలేదు. ఇప్పుడు 14 నెలలు వాడాక చెప్తున్నా, మెషీన్ సగం పని, గది సగం పని. గది సంగతి చూడకుండా మెషీన్ కొన్నవాళ్ళే తర్వాత ఇది వేస్టు అంటారు.

కంపెనీ పేరు రాయట్లేదు. ఎందుకంటే సర్వీసు మీద నాకు కోపం ఉంది, అదంతా కింద రాశాను, పైగా నేను చెప్పేది ఈ ధరలో వచ్చే ఏ మెషీన్‌కైనా సరిపోతుంది. మాది పన్నెండు వేల లోపు పడింది, ఆఫర్లో. రౌండుగా స్టూల్ అంత ఉంటుంది, లోపల గొట్టంలాంటి ఫిల్టర్, పైన ఫ్యాను, ముందు చిన్న స్క్రీన్ మీద అంకె.

కొనేటప్పుడు షాపులో జరిగింది చెప్తా, అది మీకు పనికొస్తుంది. సేల్స్‌మాన్ ముందు చూపించింది ఆరు స్టేజీల ఫిల్టరు, యూవీ లైటు, అయొనైజర్ (గాలిలోకి విద్యుదావేశం వదిలే భాగం) ఉన్నది. అయొనైజర్లు కొన్ని ఓజోన్ వదుల్తాయి, ఓజోన్ అంటే ఆయాసం ఉన్నవాళ్ళకి అదే పెద్ద ఇబ్బంది, వద్దన్నాను. సీఏడీఆర్ ఎంత అని అడిగితే అతనికి తెలియలేదు, డబ్బా తిప్పి వెతుక్కోవాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో చూడాల్సింది ఆ ఒక్క అంకే. సీఏడీఆర్ అంటే గంటకి ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో ఆ లెక్క. మా మెషీన్‌ది 320. డబ్బా మీద మాత్రం పెద్దక్షరాలతో 400 చదరపు అడుగులకి సరిపోద్ది అని రాసుంటుంది, ఆ మాట నమ్మొద్దు, అది మామూలు రోజుల లెక్క.

పొగ రోజుల లెక్క వేరు. అమెరికాలో గృహోపకరణాల తయారీదార్ల సంఘం వాళ్ళు అడవి మంటల పొగకి చెప్పే లెక్క చాలా సులువు: గది ఎన్ని చదరపు అడుగులో సీఏడీఆర్ కూడా అంత ఉండాలి, కాకపోతే వాళ్ళ కొలత నిమిషానికి ఘనపుటడుగుల్లో, మన డబ్బాల మీద గంటకి ఘనపు మీటర్లలో ఉంటుంది కాబట్టి 1.7తో గుణించుకోవాలి. మా బెడ్రూమ్ 12 బై 11, అంటే 132 చదరపు అడుగులు, 1.7తో గుణిస్తే 224. వాళ్ళ లెక్క ఎనిమిదడుగుల ఎత్తు గదికి, మనవి పది అడుగులు కదా, ఇంకో పాతిక శాతం కలిపితే 280. మాది 320 కాబట్టి సరిపోయింది. అదే హాలు, డైనింగు, తలుపు లేని వంటిల్లు కలిపి 290 దాకా ఉంది, అక్కడ పెడితే గంటకి గాలి నాలుగుసార్లు కూడా తిరగదు, బెడ్రూమ్‌లో ఐతే ఎనిమిది సార్లకి పైనే. మొదటి నెలంతా నేను హాల్లోనే పెట్టాను, అతిథులకి కనపడుతుంది, అందరికీ గాలి వస్తుంది అనుకుని. దీపావళికి తెలిసొచ్చింది. ఇక్కడ పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది మాత్రమే టపాసులు కాల్చాలి, కానీ ఆ గంటలు ఎవరికి గుర్తుంటాయి, రాత్రి పదకొండుకి కూడా మోగుతూనే ఉన్నాయి. హాల్లో ఫుల్ స్పీడ్‌లో పెట్టినా మీటరు 150 కిందికి దిగలేదు. ఆ రాత్రే మెషీన్ ఎత్తుకెళ్ళి బెడ్రూమ్‌లో పెట్టి తలుపేశాం, అరగంటలో 40కి వచ్చింది. అప్పట్నుంచి అది మళ్ళీ హాలు మొహం చూడలేదు.

ఇప్పుడు గది సంగతి. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. మాకు ముందు తెలిసిందేంటంటే పొగ కిటికీల్లోంచి కాదు, బాత్రూమ్‌లోంచి వస్తోంది. మన ఇళ్ళల్లో అటాచ్డ్ బాత్రూమ్‌కి పైన గాజు పలకల వెంటిలేటర్ ఉంటుంది చూశారా, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, అది ఎప్పటికీ మూసుకోదు. మీటరు బాత్రూమ్ తలుపు కింద పెట్టినప్పుడు అంకె గబగబా పెరిగింది, అప్పుడు అర్థమైంది. పాత కరెంటు బిల్లు సైజు అట్ట ముక్కలు కాదు, పూర్తి ప్లాస్టిక్ షీట్ కొలిచి కోయించి టేపుతో అంటించాం, పండగ అయ్యాక తీసేస్తాం, లేకపోతే బాత్రూమ్ బూజు పడుతుంది. తర్వాత కిటికీ. మా అపార్ట్‌మెంట్‌లో అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు, రెండు రెక్కలు కలిసేచోట వేలు పట్టేంత సందు. దానికి హార్డ్‌వేర్ షాపులో ఫోమ్ టేపు దొరుకుతుంది, వంద రూపాయలు కూడా కాదు. దోమల మెష్ పొగని ఆపదు, ఇది చెప్పక్కర్లేదనుకున్నా కానీ మా ఎదురింటి మామి "నెట్ వేసుంది కదా" అన్నారు కాబట్టి రాస్తున్నా. పొగ కణం వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు, మెష్ కన్ను దానికి పెద్ద గేటు.

తలుపు కింద టవల్ మడిచి పెడతాం, తడి టవల్ అక్కర్లేదు, పొడిదైనా సందు మూస్తే చాలు. ఏసీ విషయం: స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, గదిలో గాలినే తిప్పుతుంది, కాబట్టి వేసుకోవచ్చు. విండో ఏసీ ఉన్నవాళ్ళు దాని మీద వెంట్ అని ఉండే చిన్న లీవరు మూసిందో లేదో చూసుకోండి, చాలామంది ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి తెరిచే ఉంటుంది. ఇంకోటి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదా చిమ్నీ. అది లోపలి గాలిని బయటికి నెడితే ఆ ఖాళీలోకి ఎక్కడినుంచో బయటి గాలి రావాలి కదా, ఇంట్లో ప్రతి సందులోంచీ పొగ లాక్కుంటుంది. భోగి రోజు పొద్దున మేం పోపు కూడా పెట్టలేదు, ముందు రోజు రాత్రే పులిహోర కలిపి పెట్టుకున్నాం, ఇడ్లీ ఒకటి ఆవిరి మీద.

అమ్మతో కష్టమైన విషయం సాంబ్రాణి. పండగ పూట దీపం, అగరొత్తి, సాంబ్రాణి లేకుండా ఎట్లా అని. నాకూ మనసొప్పలేదు వద్దని చెప్పడానికి. మీటరు పూజ గదిలో పెట్టి ఒక్క అగరొత్తి వెలిగించి చూపించా, పది నిమిషాల్లో 30 నుంచి 200 దాటింది. అమ్మ కాసేపు చూసి "ఏందే ఇది, బయట మంటకీ దీనికీ తేడా లేదా" అంది. దీపం మాత్రం పెట్టుకుంది, నేతి దీపం, అగరొత్తి పండగ మర్నాడు మధ్యాహ్నం బాల్కనీలో. దోమల కాయిల్ సంగతి ఇంకా దారుణం, 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్న కణాలు 75 నుంచి 137 సిగరెట్లకి సమానం. తలుపులన్నీ మూసుకుని ప్యూరిఫయర్ పక్కనే కాయిల్ వెలిగించుకునే ఇళ్ళు నేను చూశాను. దోమతెర కట్టుకోండి దయచేసి.

మెషీన్ పనితనం గురించి. లోపల ఉన్నది హెపా ఫిల్టరు, 0.3 మైక్రాన్ కణాల్లో 99.97 శాతం పట్టాలి అనేది దాని కొలమానం. పొగ మీద బాగా పని చేస్తుంది, ఇందులో నాకు అనుమానమేమీ లేదు. తలుపేసి టర్బో మీద పెడితే మా గదిలో 180 నుంచి 30కి రావడానికి పాతిక నిమిషాలు పట్టింది, మూడుసార్లు చూశాను, అటూఇటూ అంతే. కానీ టర్బో చప్పుడు బాగా ఉంటుంది, టేబుల్ ఫ్యాన్ ఫుల్ మీద పెట్టినట్టు. అమ్మ "యాడో బస్సు ఆగి ఉన్నట్టుంది" అంది. అందుకని చాలామంది రాత్రికి స్లీప్ మోడ్‌లో పెడతారు, అక్కడే మోసపోతారు. స్లీప్ మోడ్‌లో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, గాలి పావు వంతు కూడా రాదు, డబ్బా మీద రాసిన 320 టర్బోకి మాత్రమే. పొగ రాత్రి స్లీప్ మోడ్‌లో పెట్టి చూస్తే రెండు గంటల్లో మళ్ళీ 70కి ఎక్కింది. మేం చేసేదేంటంటే పడుకోడానికి గంట ముందు టర్బో, తర్వాత రాత్రంతా మధ్య స్పీడు. ఆటో మోడ్ నాకు నచ్చలేదు. మెషీన్ లోపలి సెన్సారు మెషీన్ పక్క గాలినే చూస్తుంది, అది సహజంగానే శుభ్రంగా ఉంటుంది, మంచం అవతల వైపు ఇంకా 60 ఉన్నా తెరమీద 12 అని చూపించి స్పీడు తగ్గించేస్తుంది.

అందుకే విడిగా మీటరు కొనమంటాను. నేను ఇక్కడ ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రిచ్చీ స్ట్రీట్‌లో ఒక షాపులో తీసుకున్నా, లేజర్ సెన్సారుది, మూడు వేల లోపు. ఇలాంటి చవక మీటర్లకి ఒక బలహీనత ఉంది, గాలిలో తేమ మరీ ఎక్కువైతే, మంచు పడితే, నీటి తుంపరని కూడా దుమ్ముగా లెక్కేసి ఎక్కువ చూపిస్తాయి. చెన్నైలో ఇది మామూలే. కాబట్టి బాల్కనీలో నాలుగు వందలు అని చూసినప్పుడు అది కచ్చితంగా నాలుగు వందలే అనుకోను, లోపలికీ బయటికీ తేడా ఎంత, తగ్గుతుందా పెరుగుతుందా అనేదే చూస్తాను. బయటి గాలికి సెంట్రల్ పొల్యూషన్ బోర్డు వాళ్ళ సమీర్ యాప్ ఉంది, మాకు దగ్గర స్టేషన్లు వేళచ్చేరి, పెరుంగుడి. ఎంతుంటే మంచిది అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 24 గంటల సగటు 15, మన దేశంలో 60. అమ్మ గదిలో 25 లోపు ఉంచాలని నాకు నేను పెట్టుకున్న లెక్క, రాత్రంతా చాలావరకు అలాగే ఉంటోంది.

వాసన మాత్రం పూర్తిగా పోదు. ఇది తెలియక మా కింద ఫ్లాట్ వాళ్ళు మెషీన్ వాపస్ ఇచ్చేశారు. హెపా పట్టేది కణాల్ని, వాసన అంటే వాయువులు, వాటికి యాక్టివేటెడ్ కార్బన్ (వాయువుల్ని పట్టే ఒక రకం బొగ్గు) కావాలి, ఈ ధరలో మెషీన్లలో కార్బన్ అంటే సన్నటి పొర, గ్రాముల్లో ఉంటుంది, ప్లాస్టిక్ కాలిన వాసన ఒకటి రెండు రోజులు గట్టిగా వస్తే నిండిపోతుంది. దీని తిరకాసు కూడా చెప్పాలి, వాసన ఉన్నా కణాలు తగ్గి ఉండొచ్చు, వాసన లేకపోయినా కణాలు ఉండొచ్చు, ముక్కుని నమ్మి కిటికీ తీయకూడదు. ఇంకో ముఖ్యమైనది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని ఈ మెషీన్లు ఏవీ ఆపలేవు. గదిలో బొగ్గుల కుంపటి, జనరేటరు పొగ లాంటివి వస్తుంటే ప్యూరిఫయర్ ఉంది కదా అని కూర్చోవద్దు, వెంటనే బయటికి రావాలి.

సర్వీస్. ఇక్కడే నా ఓపిక పోయింది. ఫిల్టరు 12 నెలలు వస్తుందని చెప్పారు, మాకు తొమ్మిదో నెలకే బూడిదరంగు దాటి నల్లగా ఐపోయింది, పొగ ఎక్కువుండే చోట అది సహజమే, దానికి నేనేమీ అనను. కానీ కొత్త ఫిల్టరు కోసం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే స్టాక్ లేదు, వారం ఆగండి, మళ్ళీ వారం ఆగండి, అలా ఐదు వారాలు. మధ్యలో ఇంటికి వచ్చిన టెక్నీషియన్ ఫిల్టరు నీళ్ళతో కడిగి ఆరబెట్టి వాడుకోండి మేడం అని చెప్పాడు. హెపా ఫిల్టరుని కడక్కూడదు, దాని పోగులు దెబ్బతింటాయి, వాళ్ళ సొంత మాన్యువల్‌లోనే రాసి ఉంది, నేను చదివి వినిపిస్తే అతను ఏం మాట్లాడలేదు. ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో ఉందని చెప్పాక కూడా ఇలాంటి సలహా ఇవ్వడం నాకు చాలా బాధనిపించింది. చివరికి ఆన్‌లైన్‌లో సగం రేటుకి డూప్లికేట్ ఒకటి తెప్పించా, అది ఇంకా ఘోరం, చుట్టూ రబ్బరు పట్టీ లేదు, పెడితే ఓ పక్క అరంగుళం సందు. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది, ఆ సందులోంచి వడకట్టకుండా పోతుంది, టర్బోలో కూడా మీటరు 90 కిందికి రాలేదు. దాన్ని వాపస్ పంపి, అసలు ఫిల్టరు వచ్చినరోజు రెండు కొని ఒకటి అల్మరాలో దాచాను, ఒక్కోటి రెండు వేల చిల్లర. మెషీన్ కొనేరోజే అదనంగా ఒక ఫిల్టరు కొనండి, పొగ వచ్చిన రోజు అందరికీ ఒకేసారి కావాలి, అప్పుడు దొరకదు.

కొత్త ఫిల్టరు పెట్టేటప్పుడు దాని మీద పాలిథిన్ కవర్ ఉంటుంది, అది తీయాలి. మా కొలీగ్ ఒకతను మూడు నెలలు కవర్‌తోనే నడిపాడు. బయటి జాలీకి దుమ్ము పడితే రెండు వారాలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపడం లేదా వాక్యూమ్ పెట్టడం, అంతకుమించి మెయింటెనెన్స్ లేదు. కరెంటు పెద్దగా తినదు, ఫుల్ స్పీడులో 40 వాట్లు, రోజంతా నడిపితే ఒక యూనిట్ లోపు. రెండు నెలల ఈబీ బిల్లులో నాకు తేడానే తెలియలేదు.

అంత డబ్బు పెట్టలేనివాళ్ళు ఏం చేయాలని మా పనిమనిషి అడిగింది, వాళ్ళిల్లు మంటలకి మాకన్నా దగ్గర, చిన్నపాప ఉంది. అక్కడ అమెరికాలో 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంథాల్ అనే ఇద్దరు కలిసి ఒక పద్ధతి చెప్పారు, చదరపు బాక్స్ ఫ్యాన్‌కి మెర్వ్ 13 రకం (సన్న కణాల్ని కూడా పట్టే గ్రేడు) ఫిల్టర్లు నాలుగైదు డబ్బాలాగా టేపుతో అంటించడం, అక్కావాళ్ళింట్లో అదే ఉంది. మనకి ఆ చదరపు ఫ్యాన్లు అంత సులువుగా దొరకవు. నేను పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని గట్టి అట్టపెట్టెకి బిగించి, ఏసీ ఫిల్టర్లు అమ్మేచోట మెర్వ్ 13వి రెండు తెచ్చి పక్కలకి అంటించి చూశా, మొత్తం మూడు వేల లోపు అయింది. చప్పుడు ఎక్కువ, చూడ్డానికి బాగోదు, కానీ పనిమనిషి వాళ్ళ ఒంటి గదిలో మీటరు 210 నుంచి 60కి దిగింది గంటలో. సందులన్నీ టేపుతో మూయడం, ఫ్యాన్ గాలి ఫిల్టర్లలోంచి లోపలికి లాగేలా పెట్టడం, ఈ రెండే కీలకం. మనుషులు మేలుకొని ఉన్నప్పుడే నడపమని చెప్పా, ఫ్యాన్ మోటారు ఆ బరువుకి వేడెక్కుతుందేమో అని భయం. భోగి పొద్దున మూడింటి నుంచి ఏడింటిదాకా ఆమె మేలుకునే కూర్చుందట పాప పక్కన.

పొగ రోజుల్లో బయటికి వెళ్ళక తప్పకపోతే ఎన్95 మాస్కు, ముక్కు దగ్గర నొక్కి బిగించి. బట్ట మాస్కు, తడి కర్చీఫు ఈ కణాల్ని పెద్దగా ఆపవు. అమ్మ కొంగు కూడా.

గది మూయడంలో ఒక ప్రమాదం ఉంది, అదీ రాయాలి. నలుగురం ఒక్క గదిలో రాత్రంతా పడుకుంటే పొద్దునకి గాలి బరువెక్కి తల దిమ్ముగా ఉంటుంది, ప్యూరిఫయర్ ఆక్సిజన్ తయారు చేయదు. కాబట్టి పొగ తగ్గగానే కిటికీలు తీసేయాలి. భోగి రోజు ఐతే ఎండ ఎక్కాక పదిన్నర పదకొండుకి నేల వేడెక్కి పొగ పైకి లేస్తుంది, సముద్రపు గాలి మొదలైతే ఇంకా మంచిది, అప్పుడు ఇల్లంతా తెరిచి గంట వదిలేశాం. వేసవిలో ఏసీ లేకుండా గది మూయడం ఐతే నేనొద్దంటాను, 2022లో మేం చేసిన తప్పు అదే, పెద్దవాళ్ళకీ పసిపిల్లలకీ పొగ కన్నా వడదెబ్బ ముందు తగులుతుంది. అలాంటప్పుడు ఊరు మారడమో, ఏసీ ఉన్న బంధువుల ఇంటికి పోవడమో మేలు. అలాగే కరెంటు పోతే మెషీన్ ఆగిపోతుంది, ఇన్వర్టర్ ఉంటే దానికి కలపండి, 40 వాట్లే కాబట్టి ఫ్యాన్ కన్నా తక్కువే లాగుతుంది.

మార్కులు అడిగితే మెషీన్‌కి ఐదుకి నాలుగు, సర్వీసుకి ఒకటి కూడా ఇవ్వను. మళ్ళీ కొనాల్సొస్తే ఇదే సైజు కొంటాను, కాకపోతే ఫిల్టరు ఏ షాపులోనైనా దొరికే మోడలా కాదా అని ముందు వాకబు చేసి.

భోగి రోజు అమ్మ ఏడున్నరకి లేచింది. ఇన్‌హేలర్ దిండు కిందే ఉంది, రాత్రి తీయలేదు. కిటికీ అద్దంలోంచి బయట పొగ చూసి, మెషీన్ వైపు చూసి, "దీన్ని నెల్లూరు తీసకపోదామా" అని అడిగింది. అక్కడ అమ్మ పడుకునే గది పెంకుటిల్లు, పైన అంతా సందులే, వెళ్ళి కొలత తీసుకుని ఒక గదికి సీలింగ్ వేయించగలమా అని చూడాలి. వచ్చే శనివారం టేపూ మీటరూ పట్టుకుని వెళ్తున్నా.